ఒకే తీగ, మూడు వాకిళ్లు

పాల కేంద్రంలో తెల్లవారుజామునే వరస మొదలవుతుంది. కొన్నేళ్ల కిందట గుంటూరు జిల్లాలోని ఒక పల్లెలో అలాంటి వరస నా కళ్లముందే ఆగిపోయింది. కాటా బాగానే ఉంది, దాని మీద అంకెలు కనబడుతున్నాయి. పక్కనున్న ఫ్యాట్ మిషనూ బాగానే ఉంది. కంప్యూటర్ మాత్రం కాటా నుంచి ఏమీ రావడం లేదంటోంది. "నిన్న సాయంత్రం దాకా బాగానే ఉంది సార్. పొద్దున బల్ల తుడుద్దామని వైరు తీసి మళ్లీ పెట్టా, అంతే" అన్నాడు కేంద్రం కుర్రాడు. వరసలో ముందున్న పెద్దావిడ క్యాను కింద పెట్టి, "కాగితమ్మీద రాసుకో నాయనా, చేలోకి కూలీలు వచ్చేస్తారు" అంది.

కుర్రాడు చెప్పింది నిజమే, వైరు తీసి పెట్టాడంతే. కానీ పెట్టింది పక్క సాకెట్‌లో. కాటాది పాతకాలపు సీరియల్ పోర్టు, దానికో యూఎస్‌బీ కన్వర్టర్ తగిలించారు. ఆ చవక కన్వర్టర్ చిప్‌కు తనదంటూ సీరియల్ నంబరు లేదు. అలాంటి పరికరాన్ని సాకెట్ మార్చి పెడితే విండోస్ దాన్ని కొత్త పరికరంగా లెక్కేసి కొత్త పోర్టు నంబరు ఇస్తుంది. నిన్నటిదాకా కామ్ 3, ఆ పొద్దున కామ్ 11. ప్రోగ్రాం సెట్టింగులో 3 తీసి 11 పెట్టాను. అప్పటికీ తెరుచుకోలేదు. విండోస్‌లో పోర్టు నంబరు 9 దాటితే పేరుకు ముందు రెండు వెనకగీతలు, ఒక చుక్క, మళ్లీ ఒక వెనకగీత చేర్చి అడగాలి. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు ఆ సంగతి తట్టలేదు. వాళ్ల బల్ల మీది కంప్యూటర్‌లో పోర్టు నంబరు ఎప్పుడూ ఒక అంకె దాటి ఉండదు. చివరికి డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి పోర్టును మళ్లీ 3కు మార్చాక వరస కదిలింది.

పైథాన్‌లో రాసేవాళ్లు వాడే పైసీరియల్ లైబ్రరీ విండోస్ భాగంలో సరిగ్గా ఈ పనికోసమే కొన్ని పంక్తులున్నాయి. పోర్టు నంబరు 8 దాటితే, అంటే అవసరానికి ఒక అంకె ముందు నుంచే, ఆ గుర్తులను లైబ్రరీయే చేర్చుకుంటుంది. ఎవరికో ఎక్కడో ఈ దెబ్బ తగిలింది, ఒకరు కూర్చుని కారణం పట్టుకున్నారు, ఆ నాలుగు పంక్తులు రాసిపెట్టారు. ఆ తరువాత ఆ లైబ్రరీ వాడిన ఏ ప్రోగ్రామూ ఆ గుంటలో పడలేదు.

పరికరాలతో మాట్లాడే లైబ్రరీల గురించి రాసేటప్పుడు చాలామంది వాటి ఫంక్షన్లు, వేగం, ఏ భాషలో వాడుకోవచ్చు అన్నవి చెబుతారు. నాకు ముఖ్యంగా కనబడేది ఆ నాలుగు పంక్తుల పని. ఒకే ప్రోగ్రాం లినక్స్‌లోనూ విండోస్‌లోనూ మాక్‌లోనూ నడుస్తోందంటే వాటి మధ్య తేడాలు ఎక్కడికీ పోలేదు, అన్నీ వచ్చి ఒకచోట పోగుపడ్డాయి. ఆ చోట కూర్చుని వాటిని మోస్తున్నవాళ్లు చాలా లైబ్రరీల్లో ఒకరో ఇద్దరో. ఈ రంగంలో అన్నిటికంటే విస్తారంగా వాడుకలో ఉన్న లిబ్‌యూఎస్‌బీని ముందు పెట్టుకుని ఆ మోత ఎలాంటిదో చూద్దాం.

యూఎస్‌బీ 1.0 ప్రమాణం 1996 జనవరిలో వచ్చింది. ఇంటెల్‌లో ఆ పనిని ముందుండి నడిపించినవారిలో గుజరాత్ నుంచి వెళ్లిన అజయ్ భట్ ఒకరు. అంతకుముందు కీబోర్డుకు ఒక గుండ్రటి పిన్ను, ప్రింటర్‌కు ఒక వెడల్పాటి పిన్ను, మోడెమ్‌కు ఇంకొకటి. యూఎస్‌బీ వచ్చి తీగను, సాకెట్‌ను, తీగలో నడిచే డేటా పొట్లాల ఆకారాన్ని ఒక్కటి చేసింది. కంప్యూటర్ లోపలి ప్రోగ్రాం ఆ తీగను ఎలా అందుకోవాలన్నది మాత్రం ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆ సిస్టమ్ సొంతంగా తేల్చుకుంది. బయట తీగ ఒక్కటే, లోపల వాకిళ్లు మూడు. కొత్త పరికరం తయారుచేసిన ప్రతివాళ్లూ మూడింటికీ మూడు కెర్నెల్ డ్రైవర్లు రాసుకోవాలంటే చిన్న సంస్థల వల్ల అయ్యే పని కాదు. మామూలు ప్రోగ్రాం నుంచే, కెర్నెల్ జోలికి పోకుండా, పరికరానికి మాట పంపి జవాబు తెచ్చుకునే దారి లిబ్‌యూఎస్‌బీ ఇస్తుంది. స్కానర్లకు సేన్, కెమెరాలకు జీఫోటో, లినక్స్‌లో యూఎస్‌బీ ప్రింటర్లకు కప్స్, చిప్‌లలోకి ప్రోగ్రాం ఎక్కించే ఓపెన్‌ఓసీడీ, డీఎఫ్‌యూ-యుటిల్, చవక టీవీ డాంగిల్‌ను రేడియోగా మార్చే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్, ఇవన్నీ దాని మీద నిలబడినవే. వాడేవాళ్లలో దాని పేరు విన్నవాళ్లు తక్కువ.

ఇప్పుడు ఆ మూడు వాకిళ్లను దగ్గరగా చూద్దాం. లైబ్రరీ బాగోగులు చూసుకునే మెయింటైనర్ రోజులో సగం అక్కడే గడుస్తుంది.

ఒకే పరికరం, ఒకే ప్రోగ్రాం, పరికరాన్ని తెరవమని ఒకే పిలుపు. లినక్స్‌లో మొదటిసారి నడిపితే చాలామందికి మైనస్ 3 వస్తుంది. అంటే అనుమతి లేదని. లినక్స్ ప్రతి యూఎస్‌బీ పరికరాన్నీ ఒక ఫైలులా చూపిస్తుంది. సాధారణంగా ఆ ఫైలులో రాసే హక్కు రూట్‌కే ఉంటుంది. ఫలానా కంపెనీ నంబరు, ఫలానా పరికరం నంబరు వస్తే ఈ వాడుకరికి తెరువు అని యూడెవ్ నియమం ఒకటి రాసిపెట్టాలి. పెట్టాక తీగ తీసి మళ్లీ పెట్టాలి. పెట్టి, పరికరం తెరుచుకున్నాక దాన్ని వాడుకోబోతే మైనస్ 6 రావచ్చు. కెర్నెల్‌లోని డ్రైవర్ ఒకటి అప్పటికే ఆ పరికరాన్ని పట్టుకుని కూర్చుందని దాని అర్థం. దాన్ని పక్కకు తప్పించే ఫంక్షన్ లిబ్‌యూఎస్‌బీలో ఉంది. పని అయ్యాక తిరిగి అప్పగించే బాధ్యత మాత్రం ప్రోగ్రాం రాసినవాళ్లది.

అదే ప్రోగ్రాంను విండోస్‌లో నడపండి. మైనస్ 12 వస్తుంది, అంటే ఈ పని ఇక్కడ కుదరదని. విండోస్‌లో ప్రతి పరికరానికీ ఒక డ్రైవర్ అంటూ కట్టబడి ఉండాలి. లిబ్‌యూఎస్‌బీ ఆ పరికరంతో మాట్లాడాలంటే అక్కడ మైక్రోసాఫ్ట్ వారి విన్‌యూఎస్‌బీ లాంటి సాధారణ డ్రైవర్ ఉండాలి. ఉన్నదాన్ని తీసి అది పెట్టడానికి జాడిగ్ అనే ఉపకరణం ఉంది. పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ ఎక్కించుకోవడానికి లక్షలమంది వాడే రూఫస్‌ను రాసిన పీట్ బటార్డే దాన్నీ రాశారు. జాడిగ్‌లో జాబితా నుంచి సరైన పరికరాన్ని ఎంచుకోవాలి. కంగారులో మౌస్‌నో కీబోర్డునో ఎంచుకుంటే అది పనిచేయడం మానేస్తుంది. సరైనదాన్నే ఎంచుకున్నా, పాత డ్రైవర్ మీద ఆధారపడ్డ కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు ఆ తరువాత పరికరం కనబడదు. వాడేవాళ్ల దృష్టిలో ఇదంతా లైబ్రరీ పాడుచేసినట్టే.

మాక్‌లో దారి వేరు. అక్కడ ఐఓకిట్ ద్వారా వెళ్లాలి. ఏదైనా కెర్నెల్ డ్రైవర్ ముందే పరికరాన్ని పట్టుకుంటే విడిపించడం చాలాకాలం కుదిరేదే కాదు. తరువాత లిబ్‌యూఎస్‌బీలో ఆ దారి వచ్చింది గానీ, దానికి రూట్ హక్కులైనా ఉండాలి, ఆపిల్ ఇచ్చే ప్రత్యేక అనుమతి అయినా ఉండాలి. 2019 నుంచి ఆపిల్ కెర్నెల్ ఎక్స్‌టెన్షన్లను పక్కనపెట్టి డ్రైవర్‌కిట్ అనే కొత్త పద్ధతికి జనాన్ని మళ్లిస్తోంది. ఏటా కొత్త మాక్‌ఓఎస్ వచ్చినప్పుడల్లా నిన్న పనిచేసింది ఇవాళ పనిచేస్తోందా అని ఎవరో ఒకరు చూడాలి.

వాడేవాళ్లకు మూడుచోట్లా బాధ ఒక్కటే, పరికరం తెరుచుకోలేదు. మైనస్ 3, మైనస్ 6, మైనస్ 12 మూడు వేర్వేరు కారణాలు చెబుతున్నాయి, మూడిటికీ మందు వేరు. బగ్ రిపోర్టులో మాత్రం "మీ లైబ్రరీ పనిచేయడం లేదు" అని ఒకే వాక్యం ఉంటుంది. మెయింటైనర్ అడగాలి: ఏ ఓఎస్, ఏ వెర్షన్, పరికరం నంబర్లేమిటి, ఏ డ్రైవర్ కట్టి ఉంది, డీబగ్ లాగ్ ఏది. జవాబు వారానికి రావచ్చు, రాకపోవచ్చు.

ఇంకో చిన్న సంగతి చెబుతాను. ఈ పనిలో చెయ్యి తిరిగినవాళ్లూ దీని దగ్గర తడబడతారు. పరికరం నుంచి డేటా అడిగి, వెయ్యి మిల్లీసెకన్లలో రాకపోతే వదిలేయమని చెప్పాం. మైనస్ 7 వచ్చింది, గడువు దాటిందని. ఏమీ రాలేదనుకుని మళ్లీ అడిగాం. కానీ గడువు దాటేలోపు కొంత డేటా వచ్చేసి ఉండవచ్చు. ఎంత వచ్చిందో లైబ్రరీ వేరే చోట చెబుతుంది, అది చూసుకోవాలి. చూడకుండా మళ్లీ అడిగితే మొదటి ముక్క పోయి, రెండో ముక్కే మొదటిదిగా కనిపిస్తుంది. అది కాటా అయితే తూకం తప్పుతుంది. లిబ్‌యూఎస్‌బీ పత్రాల్లో ఈ హెచ్చరిక స్పష్టంగా ఉంది. ఆ నాలుగు వాక్యాలు చదివినవాళ్లకూ చదవనివాళ్లకూ మధ్య ఒక రైతు డబ్బు ఉంది. లైబ్రరీ బాగోగుల్లో పత్రాలు రాయడాన్ని నేను కోడ్ రాయడం కంటే తక్కువగా చూడను.

సీరియల్ పోర్టుల వైపు ఇలాంటివి ఇంకా ఉన్నాయి. మాక్‌లో ఒకే పోర్టు టీటీవై, సీయూ అని రెండు పేర్లతో కనిపిస్తుంది. మొదటి పేరుతో తెరిస్తే అవతల మోడెమ్ క్యారియర్ సంకేతం వచ్చేదాకా ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. డెబియన్ కుటుంబపు లినక్స్‌లలో వాడుకరి డయలౌట్ అనే గుంపులో ఉండాలి. పోర్టు తెరవగానే డీటీఆర్ తీగ కదిలి ఆర్డినో బోర్డు మొదటి నుంచి మొదలవుతుంది. ప్రమాణంలో లేని వేగం కావాలంటే లినక్స్‌లో ఒక దారి, మాక్‌లో పూర్తిగా వేరే దారి. ఇవన్నీ టెలిఫోన్ మోడెమ్‌ల కాలపు అవశేషాలు. మోడెమ్‌లు పోయినా నియమాలు మిగిలాయి.

లిబ్‌యూఎస్‌బీ చరిత్ర చదివితే ఈ పని మనుషుల మీద ఎలా పడుతుందో తెలుస్తుంది. 0.1 తరం లైబ్రరీని యోహన్నెస్ ఎర్డ్‌ఫెల్ట్ రాశారు. అందులో పద్ధతి సూటిగా ఉండేది: అడుగు, జవాబు వచ్చేదాకా ఆగు. డేనియల్ డ్రేక్ అనే మరో ప్రోగ్రామర్ వేలిముద్ర రీడర్ల కోసం లిబ్‌ఎఫ్‌ప్రింట్ రాస్తున్నప్పుడు అది సరిపోలేదు. మనిషి వేలు ఎప్పుడు పెడతాడో యంత్రానికి తెలియదు. అప్పటిదాకా ప్రోగ్రాం బిగుసుకుపోయి కూర్చుంటే తెర కదలదు. అడిగి వదిలేసి, జవాబు వచ్చినప్పుడు కబురందుకునే పద్ధతి కావాలి. అలా ఆయన చేతుల మీదుగా 2008 చివర్లో లిబ్‌యూఎస్‌బీ 1.0 వచ్చింది. ఈ రోజుకీ వాడుకలో ఉన్నది ఆ తరమే.

2010 మేలో 1.0.8 విడుదలైంది. తరువాతి 1.0.9 రావడానికి 2012 ఏప్రిల్ దాకా పట్టింది. ఈ లోపు పీట్ బటార్డ్ విండోస్ భాగాన్ని రాశారు, జనం సొంతంగా కూర్చుకుని వాడుకుంటున్నారు, అధికారిక విడుదల మాత్రం కదలలేదు. ప్రతి మార్పునూ జల్లెడ పట్టి చూడాలన్నది అప్పటి మెయింటైనర్ పట్టుదల. వచ్చినది వచ్చినట్టు జనానికి అందాలన్నది పంపినవాళ్ల ఆవేదన. చివరికి 2012లో కొందరు వేరు కుంపటి పెట్టారు. దాని పేరు లిబ్‌యూఎస్‌బీఎక్స్. చకచకా విడుదలలు ఇచ్చారు. పరికరం పెట్టగానే, తీయగానే ప్రోగ్రాంకు కబురు వచ్చే హాట్‌ప్లగ్ సదుపాయం 2013లో అక్కడే మొదట వచ్చింది. లినక్స్ పంపిణీలు ఒక్కొక్కటీ అటు మళ్లాయి. 2014 జనవరిలో 1.0.18తో రెండు కుంపట్లూ ఒకటయ్యాయి. పేరు పాతదే నిలిచింది, పని చేసే చేతులు కొత్తవి.

ఈ కథను ఒకరి మొండితనంగా చెప్పేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. కొన్ని వేల ప్రోగ్రాములు ఆధారపడ్డ లైబ్రరీలో ఒక తప్పు మార్పు కలిపితే దాన్ని వెనక్కు తీసుకోవడం ఎంత కష్టమో తెలిసిన మనిషి జాగ్రత్తపడటం సహజం. ఆ జాగ్రత్త అంతా ఒక్కరి సమయం మీద ఆధారపడటమే తప్పు. విడుదల చేసే తాళం చెవి కనీసం ఇద్దరు ముగ్గురి దగ్గర ఉండాలి. ఆ రెండేళ్ల ఎదురుచూపు నుంచి నేను తీసుకున్న పాఠం అదే. విండోస్ పరిజ్ఞానం ఒకరికి, మాక్ పరిజ్ఞానం ఇంకొకరికి, లినక్స్ మరొకరికి ఉన్నప్పుడు ఎవరి వాకిలి వాళ్లు చూసుకోగలగాలి.

కీబోర్డు, మౌస్, బార్‌కోడ్ రీడర్ లాంటి హిడ్ వర్గపు పరికరాల కోసం వాడే హిడ్‌ఏపీఐ దారి ఇంకో రకం. అలన్ ఆట్ రాసిన ఆ లైబ్రరీ చక్కగా చిన్నది. కాలక్రమంలో అసలు చోట కదలిక తగ్గింది, దిద్దుబాట్లు పోగుపడ్డాయి, ఎవరికి వాళ్లు సొంత ప్రతులు ఉంచుకున్నారు. 2019లో అది లిబ్‌యూఎస్‌బీ గొడుగు కిందికి వచ్చి మళ్లీ ఊపిరి పోసుకుంది. గొడవ లేకుండా జరిగిన ఇలాంటి అప్పగింతల గురించి ఎవరూ రాయరు. నిజానికి ఎక్కువ నేర్చుకోవలసింది వీటి నుంచే.

తన చేతిలో లేని పరికరానికి జవాబుదారీ కావడం ఈ పనిలో అన్నిటికంటే బరువైన భాగం. మామూలు లైబ్రరీలో తప్పు దొరికితే మెయింటైనర్ తన కంప్యూటర్‌లో దాన్ని మళ్లీ పుట్టించి చూస్తాడు. ఇక్కడ అలా కుదరదు. తప్పు కనిపించేది ఎక్కడో ఒక ల్యాబ్‌లోని స్పెక్ట్రోమీటర్‌లో, అదీ ఫలానా హబ్ ద్వారా పెట్టినప్పుడు, ల్యాప్‌టాప్ నిద్రపోయి లేచాక.

స్మార్ట్ కార్డ్ రీడర్ల సీసీఐడీ డ్రైవర్‌ను ఏళ్ల తరబడి చూసుకుంటున్న లుడోవిక్ రూసో దీనికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆయన జాబితాలో రీడర్లు వేర్వేరు వర్గాలుగా ఉంటాయి. తయారీదారు ఒక రీడర్‌ను ఆయనకు పంపి, ఆయన చేత్తో పరీక్షించుకుంటేనే 'మద్దతు ఉంది' అన్న వర్గంలోకి చేరుతుంది. లేకపోతే 'పనిచేయాలి' అన్న వర్గంలో ఆగుతుంది. చూసినదానికే పూచీ పడతాను, చూడనిదాన్ని చూశానని చెప్పను. ఈ నిజాయితీ నాకు చాలా నచ్చింది. మన దగ్గర చార్టర్డ్ అకౌంటెంట్లు, ఈ-టెండర్లు వేసే కాంట్రాక్టర్లు జేబులో పెట్టుకుని తిరిగే డిజిటల్ సంతకపు టోకెన్ సీసీఐడీ పద్ధతి పాటించేదైతే, లినక్స్‌లో అది ఆ డ్రైవర్ ద్వారా, దాని కింద లిబ్‌యూఎస్‌బీ ద్వారానే నడుస్తుంది. విజయవాడలో రిటర్ను మీద పడే సంతకానికి ఫ్రాన్స్‌లో ఒక మనిషి పరీక్షలు ఆసరా.

పరికరం లేకుండా పరీక్షించే దారులు కొన్ని వచ్చాయి. అసలు పరికరంతో జరిగిన సంభాషణను రికార్డు చేసి, తరువాత పరికరం లేకుండానే దాన్ని తిరిగి వినిపించే యూమాక్‌డెవ్ ఒకటి. లిబ్‌యూఎస్‌బీ పరీక్షల్లో దాన్ని చేర్చారు. అది లినక్స్‌కే పరిమితం. మూడు ఓఎస్‌ల మీదా కోడ్ కంపైల్ అవుతోందా అన్నది ప్రతి మార్పుకూ యంత్రాలే చూస్తాయి. కంపైల్ అయిందంటే భాష సరిగ్గా ఉందని మాత్రమే తెలుస్తుంది. అవతలి చిప్ ఏమంటుందో చిప్ ఉంటేనే తెలుస్తుంది.

అవతలి చిప్ అసలుదో నకిలీదో కూడా తెలియదు. 2014 అక్టోబరులో, యూఎస్‌బీ-సీరియల్ చిప్‌లు చేసే ఎఫ్‌టీడీఐ కంపెనీ డ్రైవర్ ఒకటి విండోస్ అప్‌డేట్ ద్వారా జనానికి చేరింది. తమ చిప్‌కు నకలుగా చేసిన వాటిని అది గుర్తుపట్టి వాటి పరికరం నంబరును సున్నాగా మార్చేసేది. ఆ తరువాత ఆ పరికరాన్ని మామూలు డ్రైవర్ ఏదీ గుర్తించదు. కొన్నవాళ్లకు తమ దగ్గరున్నది నకిలీ అని తెలియను కూడా తెలియదు. వ్యతిరేకత రావడంతో కంపెనీ ఆ డ్రైవర్‌ను వెనక్కు తీసుకుంది. లినక్స్ కెర్నెల్‌లో సున్నా నంబరు చిప్‌లను కూడా గుర్తించే ఏర్పాటు చేశారు. నకిలీలు చేయడం తప్పే. కానీ దెబ్బ తగిలింది నకిలీ చేసినవాడికి కాదు, వీధి చివరి కొట్లో కేబుల్ కొనుక్కున్నవాడికి. లినక్స్ వాళ్లు తీసుకున్న వైఖరే సరైనదని నా అభిప్రాయం.

ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం దగ్గర లిబ్‌యూఎస్‌బీని మెచ్చుకోవాలి. 2008 నాటి 1.0తో కంపైల్ చేసిన ప్రోగ్రాం ఈనాటి లైబ్రరీతోనూ నడిచేలా దాని పిలుపుల ఆకారాన్ని కాపాడుతూ వచ్చారు. 0.1 తరపు పాత ప్రోగ్రాముల కోసం పైన ఒక సర్దుబాటు పొర రాశారు. లైబ్రరీ మొదలయ్యే ముందే కొన్ని ఎంపికలు చెప్పాల్సిన అవసరం వచ్చినప్పుడు పాత ఫంక్షన్‌ను ముట్టుకోలేదు, పక్కన కొత్తది చేర్చారు. ఇది 2024 మొదట్లో వచ్చిన 1.0.27లో చూడవచ్చు. ఇలా చేస్తే లైబ్రరీ అందం కొంత తగ్గుతుంది. ఒకే పనికి రెండు పేర్లుంటాయి, కొత్తగా నేర్చుకునేవాళ్లు తికమకపడతారు. అయినా ఇదే సరైన బేరం. ఒక ఆసుపత్రి ల్యాబ్‌లోని పాత ప్రోగ్రాంను మళ్లీ కంపైల్ చేసేవాళ్లు ఎవరూ ఉండరు.

దీనికి మరో పక్క కూడా ఉంది. ఒక ఓఎస్‌లో కుదిరినది ఇంకోచోట కుదరకపోతే ఏం చేయాలి? హాట్‌ప్లగ్ లినక్స్, మాక్‌లకు వచ్చాక కూడా విండోస్‌కు ఏళ్ల తరబడి రాలేదు. మూడుచోట్లా వచ్చేదాకా ఎవరికీ ఇవ్వకూడదా? ఉన్నచోట ఇచ్చి, లేనిచోట 'ఇక్కడ లేదు' అని అడిగిన ప్రోగ్రాంకు నిజం చెప్పాలా? లిబ్‌యూఎస్‌బీ రెండోదాన్ని ఎంచుకుంది. ఫలానా సామర్థ్యం ఉందా అని ముందే అడిగే ఫంక్షన్ పెట్టింది. లేనిదాన్ని ఉన్నట్టు నటించి లోపల ఏదో అతుకు వేయడం కంటే అది ఎంతో మేలు. అతుకులు వేసిన లైబ్రరీలు వాడి చూశాను. తప్పు ఎక్కడుందో కనుక్కోవడానికి రాత్రులు పట్టింది.

వాకిళ్లు మూడుతో ఆగలేదు. ఆండ్రాయిడ్‌లో ప్రోగ్రాం తనంతట తాను పరికరాలను వెతకలేదు. వాడుకరి అనుమతిస్తే సిస్టమ్ ఒక తెరిచిన తలుపును చేతికిస్తుంది, దాన్నే వాడుకోవాలి. అందుకు తగిన ఫంక్షన్ 2019లో 1.0.23తో వచ్చింది. వెబ్ పేజీ నుంచే పరికరంతో మాట్లాడనిచ్చే వెబ్‌యూఎస్‌బీ 2017 నుంచి క్రోమ్ బ్రౌజర్‌లో ఉంది. ఇంగ్వార్ స్టెపన్యాన్ అనే ప్రోగ్రామర్ లిబ్‌యూఎస్‌బీనే బ్రౌజర్ లోపల నడిచేలా మార్చి, దాని మీద జీఫోటోను నడిపి కెమెరాను వెబ్ పేజీ నుంచి ఆడించి చూపించారు. ఆ భాగం 1.0.27లో అసలు లైబ్రరీలో కలిసింది. ఫైర్‌ఫాక్స్, సఫారీ మాత్రం వెబ్‌యూఎస్‌బీని భద్రత పేరున దూరంగా ఉంచాయి. వాళ్ల భయంలో అర్థం ఉంది. పరికరాలు తమతో మాట్లాడేది నమ్మదగిన ప్రోగ్రామే అనుకుని తయారైనవి, దారినపోయే వెబ్ పేజీ పలకరిస్తుందని కాదు. మెయింటైనర్‌కు మాత్రం ఇది మరో వాకిలి, మరో కాపలా.

కాపలా అన్నాను గనుక 2024 మార్చి సంగతి తలచుకోవాలి. ఎక్స్‌జడ్ అనే కుదింపు లైబ్రరీని ఏళ్లుగా దాదాపు ఒంటరిగా లాసే కాలిన్ చూసుకుంటున్నారు. అలసిపోయానని ఆయన బాహాటంగానే చెప్పుకున్నారు. సాయం చేస్తానంటూ జియా టాన్ అన్న పేరుతో వచ్చినవారు రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, చివరికి అందులో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వబట్టి బయటపడింది. పరికరాల లైబ్రరీలకు ఈ ప్రమాదం తక్కువేమీ కాదు. కొన్ని క్రిప్టో వ్యాలెట్ పరికరాలతో మాటలు హిడ్‌ఏపీఐ మీదుగా సాగుతాయి. సంతకపు టోకెన్లు లిబ్‌యూఎస్‌బీ మీదుగా. కొత్త చెయ్యి కావాలి, కొత్త చేతిని నమ్మాలంటే భయం. ఈ రెండింటి మధ్య అలసిన మనిషి నిలబడి ఉన్నాడు.

డబ్బు సంగతి చూస్తే కొంత కదలిక ఉంది. యూరప్‌లో సైబర్ రెసిలియన్స్ చట్టం 2024 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. దాని ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరు నుంచి వర్తిస్తాయి. సాఫ్ట్‌వేర్ ఉన్న వస్తువు అమ్మే కంపెనీ దానిలోపలి ఓపెన్ సోర్స్ భాగాల భద్రతకూ జవాబు చెప్పుకోవాలి. ఉచితంగా తీసుకుని వాడుకున్నవాళ్లు ఇకనైనా మెయింటైనర్ తలుపు తడతారు. చేతిలో ప్రశ్నల జాబితాతో వస్తారా, సాయంతో వస్తారా అన్నదే చూడాలి. మన దేశంలో జెరోధా సంస్థ 2024 అక్టోబరులో ఫ్లాస్/ఫండ్ పేరుతో ఏటా 10 లక్షల డాలర్లు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఇస్తామని ప్రకటించింది. మంచి పని. అయితే పరికరాల లైబ్రరీలకు డబ్బుతోపాటు వస్తువులు కావాలి. ఒక కంపెనీ తన పరికరాన్ని, దాని పూర్తి పత్రాలను మెయింటైనర్‌కు పంపితే, అది చెక్కు కంటే ఎక్కువ పని చేస్తుంది.

తయారీదారులు ఇంకో రెండు పనులు చేయవచ్చు. రెండూ వాళ్ల ఫర్మ్‌వేర్‌లో కొన్ని బైట్ల ఖర్చుతో అయ్యేవే. హైదరాబాద్ టీ-వర్క్స్ లాంటి చోట్ల నమూనాలు చేసుకుంటున్న మన చిన్న సంస్థలకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలనిపిస్తుంది. ఒకటి, విండోస్ 8 నుంచి పరికరం తనకు విన్‌యూఎస్‌బీ చాలునని తానే చెప్పుకోగలదు. ఆ వివరణను పరికరంలో పెడితే కొనేవాళ్లు జాడిగ్ దాకా వెళ్లక్కరలేదు, మైనస్ 12 చూడక్కరలేదు. రెండు, ప్రతి పరికరానికీ వేరు సీరియల్ నంబరు వేయాలి. అది ఉంటే ఏ సాకెట్‌లో పెట్టినా ఓఎస్ దాన్ని పాత పరికరంగానే గుర్తుపడుతుంది. ఆ పాల కేంద్రపు కన్వర్టర్‌లో అది ఉండి ఉంటే కామ్ 3 కామ్ 3గానే ఉండేది.

వాడుకునే మనం చేయగలిగినది బగ్ రిపోర్టు సరిగ్గా రాయడం. ఆ కన్వర్టర్ లాంటిదే ఒకటి నా బల్ల సొరుగులో ఉంచుకున్నాను. కొన్నాళ్లకు మరో లైబ్రరీలో అది తీగ లాగినప్పుడల్లా ప్రోగ్రాంను పడగొడుతుంటే, ఓఎస్ వెర్షన్, చిప్ నంబర్లు, డిస్క్రిప్టర్లు, పూర్తి లాగ్ జతచేసి పంపాను. మూడో రోజున జవాబు వచ్చింది: ఈ ఒక్క పంక్తి మార్చి చూడగలరా, ఆ చిప్ నా దగ్గర లేదు. మార్చాను. పాతికసార్లు లాగి పెట్టాను, ఒక్కసారీ పడిపోలేదు. పాతికసార్లు చూశానని, ఏ సాకెట్‌లో ఎన్నిసార్లో కూడా రాసి పంపాను.